బక్క రాజ్యానికి తులాభారం

ఎలుగుబంటి తరుముతుంటే ఎవడైనా ప్రాణం గురించి బెంగపడతాడు. గరికసీమ యువరాజు కేదారుడు మాత్రం ఒంటి బరువు గురించి బెంగపడుతున్నాడు. వేసే ప్రతి అంగకీ ఒంట్లో మిగిలిన కాస్త కండా కరిగిపోతోందని అతని ఏడుపు. ముళ్ళకంపలు దాటి, రాళ్ళగుట్ట ఎక్కి, అవతలి వాలు మీద వీపు గీరుకుపోయేలా జారి, చివరికి ఒక చెట్టు కొమ్మ అందుకుని పైకి పాకాడు. ఆ కొమ్మ మీద అప్పటికే దండనాయకుడు ఎర్రమల్లు కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. గరికసీమకు అతనే దండనాయకుడు, అతనే సైన్యం. తక్కిన భటులంతా కరువులో దుంపలు తవ్వుకోవడానికి అడవుల పాలయ్యారు.

ఎలుగు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. తలెత్తి ఇద్దరినీ పరీక్షగా చూసింది. ఈ ఎముకల గూళ్ళ కోసం చెట్టెక్కడం దండగ అనుకుందో ఏమో, విసుగ్గా మూలిగి తన దారిన పోయింది. గరికసీమ వాళ్ళకు జరిగే అవమానాల్లో ఇది మరీ పెద్దదేమీ కాదు.

ఎర్రమల్లు ముందు దిగి, అలవాటు చొప్పున యువరాజును భుజాన వేసుకుని దించుతూ తూచి చూశాడు. బయల్దేరిన నాటి నుంచి రోజూ పొద్దున్నే అతను చేస్తున్న రాచకార్యం అదే.

"బాబుగారూ, మళ్ళీ తగ్గిపోయారు. ఊళ్ళో తమర్ని ఎత్తితే నా మోకాళ్ళు వణికాయండి. ఇప్పుడు మేకపిల్లను ఎత్తుకున్నట్టుంది" అన్నాడు దిగులుగా.

కేదారుడు కంగారుగా తన పొట్ట తడుముకున్నాడు. అందుకు కారణం ఉంది.

నల్లకొండలకు అవతల కనకవాహిని అనే మహారాజ్యం ఒకటుంది. కొట్లు నిండి, ధాన్యం వీధుల్లో పోసి, ఆ రాశుల మీద మళ్ళీ కొట్లు కట్టుకునేంత కలిమి వాళ్ళది. అంత కలిమి ఉన్నవాళ్ళకు పుణ్యం మీద కూడా యావ ఉంటుంది కదా. అందుకని ఏటా ఏరువాకకు ముందు పేద రాజ్యాలను పిలిచి దానం చేస్తారు. ఎవరికెంత ఇవ్వాలన్న తగవు రాకుండా వాళ్ళ పూర్వులు ఒక పద్ధతి పెట్టారు. పేద రాజ్యం నుంచి వచ్చిన రాయబారిని త్రాసులో కూర్చోబెట్టి, అతను ఎంత తూగితే అడిగిన సరుకు అంత ఇస్తారు. త్రాసుకు పక్షపాతం ఉండదని వాళ్ళ ధీమా.

పక్షపాతం లేని మాట నిజమే. కాని కరువు రాజ్యం నుంచి బక్కవాడు వస్తాడు, తిన్న రాజ్యం నుంచి బొజ్జవాడు వస్తాడు. మీగడపురం వాళ్ళు పేదవాళ్ళమని చెప్పుకుంటూ పంపే రాయబారిని త్రాసు ఎక్కించడానికి నిచ్చెన వేయాల్సి వచ్చేది. వాళ్ళకు బళ్ళకొద్దీ ధాన్యం తరలిపోయేది. గరికసీమ నుంచి వెళ్ళిన ముసలి మంత్రిని కూర్చోబెడితే పళ్ళెం కిందికి దిగాలా వద్దా అని ఆలోచించిందట. ఆయన తెచ్చిన జొన్నలు ఆయన తిరుగు దారి బత్తేనికే చెల్లిపోయాయి.

మూడేళ్ళ కరువు తర్వాత ఈ ఏడు గరికసీమ మీద మబ్బు కమ్మింది. నేల సిద్ధంగా ఉంది, నాగళ్ళు సిద్ధంగా ఉన్నాయి, విత్తనమే చాలదు. ఇంటింటా దాచుకున్నదంతా పోగు చేసినా రాజ్యంలో ఒక మూలకు కూడా రాదు. అప్పుడు పెద్దలంతా కూర్చుని ఆలోచించారు. గరికసీమ వాళ్ళకు ఆలోచన వచ్చిందంటే ఆ పక్కకు వెళ్ళకుండా ఉండటమే మేలు. ఆ గింజల్ని నేలలో వేసే బదులు యువరాజు కడుపులో వేస్తే అతను లావెక్కుతాడని, త్రాసులో తూగి అంతకు ఎన్నో రెట్లు తెస్తాడని తీర్మానించారు. ఇంటింటికీ పిలిచి, పీట వేసి, విత్తనపు జొన్నలు విసిరి సంకటి చేసి ముద్దలు పెట్టారు. పిల్లలు గుమ్మం పట్టుకుని గుటకలు మింగుతూ చూస్తుంటే కేదారుడికి ముద్ద దిగేది కాదు. వద్దంటే ఎవరూ వినలేదు. "తిను నాయనా, నువ్వు తినేది మా పొలం" అంటూ ముసలమ్మలు నోట్లో కుక్కారు.

అలా లావెక్కించి పంపిన యువరాజు కొండల్లో చలిజ్వరం తగిలి సగం చిక్కాడు. ఏరు ఈదుతూ మరికొంత, ఎలుగుబంటి ముందు పరుగెత్తుతూ ఇంకొంత చిక్కాడు. ఊరి విత్తనమంతా దారిలో చెమటై కారిపోయిందని అతనికి తెలుసు. ఉత్త చేతులతో తిరిగి వెళ్తే ఏ గుమ్మం ముందూ తలెత్తలేడు.

దిగులుగా నడుస్తుండగా ఎర్రమల్లు ఠక్కున ఆగి ముక్కు ఎగబీల్చాడు. వేడి నేతి వాసన. ఆ వాసన వెంట పోతే కొండ చరియలో ఒక గుహ కనిపించింది. ఇద్దరూ లోపల అడుగు పెట్టారు. స్ఫటికపు స్తంభాల నడుమ పచ్చల దీపాలు వెలుగుతున్నాయి. వెండి పళ్ళేలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో పొగలు గక్కే పులిహోర, పాకంలో మునిగిన బూరెలు, పెరుగులో తేలే గారెలు, ముంజేతుల దాకా కారే నేతితో మెరిసే పూర్ణాలు. వీటన్నిటి మధ్యా పులితోలు మీద ఒక మంత్రగాడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఇంట్లో చావు జరిగినవాడిలా కూర్చుని ఉన్నాడు. అతని పేరు కపిలాక్షుడు.

మంత్రగాడు వచ్చిన పని అడగలేదు. ఈ దారిన వచ్చేవాళ్ళ పని అతనికి తెలుసు. తులాభారానికి పోయే బక్క రాయబారులకు గరిమ గుళికలు అమ్మడమే అతని వృత్తి. అది నాలుక కింద పెట్టుకుంటే మనిషి మదపుటేనుగంత తూగుతాడు. ధర మాత్రం వచ్చిన దానంలో సగం. సగం ఇస్తే సగం పొలాలు బీడు పడతాయి కనుక కేదారుడు కుదరదన్నాడు. మంత్రగాడు భుజాలు ఎగరేసి, ఇష్టం లేకపోతే వెళ్ళమన్నాడు.

ఈ బేరం సాగుతుండగానే ఎర్రమల్లు వెనకాల ఒక వరస పళ్ళేలు ఖాళీ చేశాడు. తల ఎత్తకుండా, ఊపిరి తీసుకోకుండా, వేళ్ళు నాకుతూ, మధ్య మధ్య కళ్ళు తుడుచుకుంటూ తింటున్నాడు. అది చూసి కపిలాక్షుడి కళ్ళు చెమర్చాయి.

"నాయనా, అంత ఆకలి నీకెక్కడ దొరికింది?"

"మా ఊళ్ళో ఊరికే దొరుకుతుందండి" అన్నాడు ఎర్రమల్లు నోట్లో బూరెతో.

మంత్రగాడు నిట్టూర్చి తన కష్టం చెప్పుకున్నాడు. మంత్రబలంతో ఎన్ని రుచులైనా సృష్టించగలడట, ఆకలిని మాత్రం సృష్టించలేడట. ఆకలి వేసి ఎన్ని ఏళ్ళైందో గుర్తే లేదట. పైగా ఆ తిండి మాయ తిండి. కడుపు నిండినట్టుంటుంది గాని ఒంటికి పట్టదు, గుహ దాటితే పొగైపోతుంది. ఆ మాట విన్న ఎర్రమల్లు ముఖం వేలాడిపోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు.

కేదారుడికి మెరుపులా ఒక ఊహ తట్టింది. గుళికకు బదులుగా ఆకలి ఇస్తానన్నాడు.

కపిలాక్షుడు లేచి వచ్చి అతని పొట్ట మీద చెవి ఆనించి విన్నాడు. లేచేసరికి అతని కళ్ళు దీపాల్లా వెలుగుతున్నాయి. ఇది ఒక మనిషి ఆకలి కాదు, ఒక రాజ్యం ఆకలి, ఇంత నికార్సైన సరుకు ఏ రాజు కడుపులోనూ చూడలేదని గంతులు వేశాడు. ఏవో బీజాక్షరాలు చదువుతూ యువరాజు బొడ్డు దగ్గర చిటికె వేశాడు. బూడిద రంగు పొడి ఒకటి సన్నని దారంగా బయటికి వచ్చి, మంత్రగాడి వెండి నస్యపు భరిణెలో చేరింది. కేదారుడికి ఒళ్ళు తేలికైంది. కొన్నాళ్ళుగా చెవుల్లో మోగుతున్న పిల్లల గుటకలు కూడా ఆగిపోయాయి. అది అతనికి నచ్చలేదు గాని ఇప్పుడు ఆలోచించే తీరిక లేదు.

గుళిక చేతిలో పెడుతూ మంత్రగాడు ఒక్క హెచ్చరిక చేశాడు. భరిణె మళ్ళీ కేదారుడి చేతిలోకి వచ్చిందంటే బేరం రద్దు, గుళిక మహిమ ఆ క్షణమే పోతుంది. అంత గొప్ప వస్తువును తిరిగి ఎందుకిస్తాను అని తనే నవ్వేశాడు కూడా.

గుళిక పనిచేసినా, గడకర్రలా ఉన్నవాడు ఏనుగంత తూగితే అనుమానిస్తారు కదా. అందుకని ఎర్రమల్లు మంత్రగాడి దిండ్లు రెండు తెచ్చి యువరాజు నడుముకు కట్టాడు. పైన జరీ అంగవస్త్రం, బుగ్గల్లో రెండు ఉసిరికాయలు. కనకవాహిని కోట వాకిట కావలివాడు గరికసీమ నుంచి ఇంత బొజ్జ ఎలా వచ్చిందని ఈటె మొనతో పొడవబోయాడు.

"మా రాజ్యంలో తిండంతా ఈయనకే పెట్టామండి" అన్నాడు ఎర్రమల్లు. అబద్ధం కాదు కనుక గొంతు వణకలేదు. కావలివాడు లోకరీతి తెలిసినవాడిలా తల ఊపి దారి వదిలాడు.

కనకవాహిని వైభవాన్ని చెప్పడం మొదలుపెడితే ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది. పగడాల గోపురాలు, పన్నీటి కాలువలు, రత్నకంబళ్ళు పరిచిన రాజవీధులు, ఆ కంబళ్ళ మీద నడిచే ఏనుగుల కాళ్ళకు పట్టు తొడుగులు. కోట నడుమ వేయి స్తంభాల దాన మండపం. అందులో పైకప్పు నుంచి పసిడి గొలుసులతో వేలాడుతున్న మహా త్రాసు. ఎదురుగా నవరత్న సింహాసనం మీద హేమలేఖా మహారాణి. ఆమె చెడ్డది కాదు. ఎవరైనా కష్టం చెబితే కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. కాని ఆ కష్టం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. వంటకం వెనక వంటకం వచ్చే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి.

దానాధ్యక్షుడు అమృతఘంటుడు నియమాలు చదివాడు. రాయబారి ఏం కోరితే అది ఎదుటి పళ్ళెంలో పోస్తారు. రెండు పళ్ళేలూ సమంగా నిలిచాక మహారాణి దానగంట మోగిస్తుంది. గంట మోగితే సరుకు రాయబారిది. గంట మోగకముందు రాయబారి కాలు నేల తాకిందా, ఆ ఏటికి ఆ రాజ్యానికి దానం లేనట్టే.

కేదారుడు బుగ్గల్లో ఉసిరికాయలతోనే ముద్దముద్దగా విత్తనపు జొన్నలు కోరాడు. పళ్ళెంలో కూర్చుని, దగ్గు వచ్చినట్టు నటించి గుళిక నాలుక కింద పెట్టుకున్నాడు. గొలుసులు కిర్రుమన్నాయి. మండపంలో పావురాలు లేచిపోయాయి. ఎదుటి పళ్ళెంలో భటులు బస్తాలు వేస్తున్నారు, వేస్తున్నారు, చెమటలు కక్కుతూ ఇంకా వేస్తున్నారు. మీగడపురం రాయబారి తన వరస కోసం కూర్చున్నవాడల్లా ఈర్ష్యతో లేచి నిలబడ్డాడు. చివరికి పళ్ళేలు రెండూ నడుము ఎత్తున సమంగా నిలిచాయి. గరికసీమ పొలాలన్నిటికీ సరిపోయే విత్తనం కేదారుడి కళ్ళ ముందు బంగారు గుట్టలా ఉంది. ఇక గంట మోగడమే తరువాయి.

అయితే గంటకు ముందు ప్రశస్తి చదవాలి. అమృతఘంటుడు తాటాకుల కట్ట విప్పి, గొంతు సవరించుకున్నాడు. కనకవాహిని దాతృత్వాన్ని పొగుడుతూ, మహారాణి వంశాన్ని మొదటి తాత నుంచి అందుకున్నాడు. మూడో తాత దగ్గరకు వచ్చేసరికి బయట కేకలు వినిపించాయి.

ద్వారం తోసుకుని కపిలాక్షుడు వచ్చి పడ్డాడు. జుట్టు రేగిపోయి ఉంది, గడ్డమంతా మిఠాయి పాకం. బుద్ధి పుట్టి భరిణె తెరిచి ఒక్క పట్టు నస్యం పీల్చాడు, అంతే. గుహలోని మాయ తిండంతా తిన్నాడు, ఆకలి అంగుళం కదలలేదు. కొండ దిగి ఊళ్ళో పడి మిఠాయి అంగడి, పళ్ళ అంగడి, ఏనుగుల చెరకు, చివరికి మండపం వాకిట కట్టిన అరటి బోదెలు కూడా నమిలేశాడు. అయినా పేగులు అరుస్తూనే ఉన్నాయి. తిన్నగా త్రాసు దగ్గరికి వచ్చి భరిణె చాచాడు.

"నీకు దండం పెడతాను, నీది నువ్వు తీసుకో నాయనా. ఇది మనిషి భరించేది కాదు" అని ఏడ్చాడు.

కేదారుడు రెండు చేతులూ వీపు వెనక దాచేసుకున్నాడు. నోట్లో గుళిక, బుగ్గల్లో ఉసిరికాయలు, మాట్లాడే వీలు లేదు. మంత్రగాడు ఎడమ నుంచి వస్తే కుడికి, కుడి నుంచి వస్తే ఎడమకు ఒరుగుతూ, ఒరిగినప్పుడల్లా ఊగుతున్న పళ్ళెంలో నిలదొక్కుకుంటున్నాడు. ఎర్రమల్లు మంత్రగాడి నడుము పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. అమృతఘంటుడు ఏమీ జరగనట్టు ఐదో తాతను అందుకున్నాడు.

మహారాణి చెయ్యెత్తి ప్రశస్తి ఆపించింది. ఆ భరిణెలో ఏముందని అడిగింది.

"ఆకలి, మహారాణీ" అన్నాడు కపిలాక్షుడు.

రాణి ముఖం విప్పారింది. ఏటా ప్రశస్తిలో ఆ మాట వినడమే గాని చూసింది లేదని, ఇటు తెమ్మని చెప్పింది. అమృతఘంటుడు ముందు రాజవైద్యులు పరీక్షించాలని ఏదో అనబోతుండగానే ఆమె భరిణె అందుకుని, చిటికెడు పొడి ముక్కు దగ్గర పెట్టుకుంది. భరిణె చెయ్యి మారగానే మంత్రగాడి ముఖం తేటపడింది. అతను ఉన్నచోటనే కూలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

రాణి ముఖంలో ముందు ఆశ్చర్యం కనిపించింది. తర్వాత రంగు పోయింది. చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. సింహాసనం మీద నుంచి ఆమె లేచిన తీరు మహారాణి లేచినట్టు లేదు. ఫలహారాల కోసం ఎవరో పరుగెత్తారు గాని ఆమె ఆగలేదు. కళ్ళకు కనబడిన మొదటి తిండి త్రాసులో ఉంది. గాజులు గలగలలాడుతుండగా మెట్లు దిగి వచ్చి, బస్తా మూతి చించి, గుప్పెడు పచ్చి జొన్నలు తీసి నోటి దగ్గరికి ఎత్తింది.

గుట్టలో ఒక గుప్పెడు పోతే కేదారుడికి వచ్చే నష్టం ఏమీ లేదు. కదలకుండా కూర్చుంటే గంట మోగేది. కాని విత్తనం నోట్లోకి పోతుంటే చూస్తూ ఊరుకోవడం గరికసీమ మనిషికి రెండోసారి చేతకాలేదు. నోట్లోని ఉసిరికాయలు ఉమ్మేసి, పళ్ళెంలోంచి దూకి, వెళ్ళి రాణి మణికట్టు పట్టుకున్నాడు.

ఎదుటి పళ్ళెం దబ్బుమని నేల కూలింది. బస్తాలు దొర్లాయి. నాలుగు వైపుల నుంచి కత్తులు దూసుకుని వచ్చాయి. ఎర్రమల్లు నెత్తి మీద చేతులు పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

"అది విత్తనం తల్లీ. తినేది కాదు" అన్నాడు కేదారుడు.

అమృతఘంటుడు మాత్రం తాటాకు మీది నుంచి కన్ను ఎత్తకుండా, రాయబారి కాలు నేల తాకింది కనుక గరికసీమకు ఈ ఏడు దానం చెల్లదని ప్రకటించాడు. పైగా మహారాణి చెయ్యి పట్టుకున్నందుకు శిరశ్ఛేదం అన్నాడు. భటులు యువరాజును ఈడ్వబోయారు. ఎనిమిది మంది కలిసి లాగినా అతను అంగుళం కదలలేదు. దిండ్లు ఊడి కింద పడ్డాయి, వాటి వెనక ఉన్న బక్క మనిషి అందరికీ కనిపించాడు. అతని పాదాల కింద పాలరాయి మాత్రం పటపటా పగుళ్ళు తీస్తోంది. గరిమ గుళిక ఇంకా నాలుక కిందే ఉంది, ఉమ్మేస్తే భటులు ఈడ్చుకుపోతారు.

రాణి చెయ్యి విడిపించుకోలేదు. గుప్పిట్లోని గింజల వంక చూస్తూ అడిగింది.

"ఇంత ఆకలి వేస్తుంటే మీవాళ్ళు ఈ గింజల్ని ఎలా దాచుకోగలిగారు?"

"దాచుకోలేదు తల్లీ" అన్నాడు కేదారుడు. అతనికి ఏడుపు వచ్చింది, దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "ఈ త్రాసులో తూగాలని నాకు పెట్టేశారు. పిల్లలు చూస్తూ ఉండగా తిన్నాను."

మీగడపురం రాయబారి కూర్చుండిపోయాడు. కేదారుడు మడమల దాకా, తర్వాత మోకాళ్ళ దాకా నేలలోకి దిగాడు. ఆమెను కూడా లాగేస్తానేమోనని మణికట్టు వదిలేశాడు.

రాణి గుప్పిటను నోటి దగ్గరే చాలాసేపు ఉంచుకుంది. మెల్లగా కిందికి దించి బస్తాలో విప్పింది. చెమటకు అరచేతికి అంటుకున్న గింజలు కొన్ని మిగిలితే, వాటిని ఒక్కొక్కటే వలిచి బస్తాలో వేసింది. ఆఖరి గింజ వేళ్ళ మధ్య పట్టుకుని దాని వంక ఆకలిగా చూసింది. దాన్నీ వేసేసింది. వేసి, దానగంట తాడు వైపు తిరిగింది.

అమృతఘంటుడు పరుగున వచ్చి అడ్డం నిలబడి, నియమం ఒప్పుకోదన్నాడు. పక్కకు తప్పుకోమని చెప్పి రాణి తాడు అందుకుంది.

సరిగ్గా అప్పుడే పాలరాయి రెండుగా విరిగింది. ఎర్రమల్లు పాకుతూ వచ్చి యువరాజు చెయ్యి అందుకోబోయాడు గాని వేళ్ళ కొసలే తగిలాయి. గంట మోగిందో లేదో తెలిసే లోపలే కేదారుడు మండపం కింది నేలమాళిగ చీకట్లోకి రాయిలా పడిపోయాడు.